కంది ఆకు పసరు, నేల ఉసిరి, టీబీ మాత్రలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. మా ఆయన కొబ్బరి దింపు కార్మికుడు, వయసు 44. దగ్గు ఎంతకీ తగ్గకపోతే కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. ప్రభుత్వ మందులు మొదలుపెట్టి నెల దాటింది. రోజూ పరగడుపున నాలుగు మాత్రలు వేసుకుంటున్నారు. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. కానీ మూత్రం ఎర్రగా వస్తోంది, అన్నం సయించడం లేదు. ఈ మందులకి లివర్ పోతుందని వచ్చినవాళ్ళందరూ భయపెడుతున్నారు. కంది ఆకు దంచి పసరు పోస్తే మంచిదని మా అత్తగారు అంటున్నారు. డిగ్రీ చదివే మా అబ్బాయి కూడా, కంది ఆకులోని ప్రొటీన్ మందుల వల్ల లివర్ పాడవకుండా కాపాడుతుందని శాస్త్రవేత్తలే తేల్చారని ఫోన్లో చూపించాడు. మా మరిది నేల ఉసిరి అయితే ఇంకా మేలని ఓ కట్ట పీక్కొచ్చి పెట్టాడు. ఏది ఇవ్వమంటారు? లేక కందిపప్పు ఎక్కువ పెడితే సరిపోతుందా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే పత్రిక ఆఫీసువాళ్ళ చేత మీకు ఫోన్ చేయించాను. టీబీ మందులు వాడుతున్న మనిషికి అన్నం సయించడం లేదంటే, జవాబు అచ్చయ్యేదాకా ఊరుకోకూడదు. రక్తపరీక్ష చేయించారని, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము 70 లోపే ఉందని, మాత్రలు ఆపొద్దన్నారని మీ అబ్బాయి చెప్పాడు. సంతోషం. ఇదే టెన్షన్‌తో ఉన్న ఇళ్ళు మన వైపు ఇంకా చాలా ఉన్నాయి కనుక, వాళ్ళకి కూడా కలిపి వివరంగా రాస్తున్నాను.

ముందు మూత్రం సంగతి. ఆ ఎరుపు రిఫాంపిసిన్ అనే మందు రంగు. చెమటకీ కన్నీళ్ళకీ కూడా కాస్త అంటుతుంది. బనీను చంకల్లో నారింజ మరక చూసి హడలిపోయి, బనీను పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్ళున్నారు. అది కామెర్లు కాదు. కామెర్లు వెతకాల్సింది కంట్లో. పగటిపూట ఆయన్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, కిందికి చూడమని, పై రెప్ప ఎత్తి తెల్లగుడ్డు చూడండి. రాత్రిపూట బల్బు కింద చూస్తే ఎవరి కళ్ళయినా పచ్చగానే కనిపిస్తాయి.

ఆ మాత్ర ఒక్కొక్కదానిలో నాలుగు మందులున్నాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్. 50 నుంచి 64 కిలోల బరువున్న మనిషికి రోజుకి నాలుగు మాత్రలు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులూ ఇస్తారు, ఆ తర్వాత నాలుగు నెలలు పైరాజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇస్తారు. ఇథాంబ్యుటాల్ జోలి కంటితో, కాలేయంతో కాదు. మిగతా మూడింటికీ మాత్రం కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది. దెబ్బ తగిలేవాళ్ళకి ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే తగులుతుంది. బాగా చిక్కిపోయినవాళ్ళకీ, పెద్ద వయసువాళ్ళకీ, హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్ళకీ, మందు తాగేవాళ్ళకీ ఆ ప్రమాదం ఎక్కువ. దింపు పనిలో దిగినవాళ్ళకి సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు నొప్పులని ఓ గుక్క వేసే అలవాటు ఉంటుంది. మీరు రాయలేదు, కానీ నేను అడగకుండా ఉండలేను. ఉంటే ఈ ఆరు నెలలూ చుక్క కూడా ముట్టకూడదు. కల్లు మందు కాదు కదా అనే వాదన నా దగ్గర చెల్లదు.

ఎస్‌జీపీటీ మామూలుగా 40 లోపు ఉండాలి. టీబీ మందులు పడ్డాక చాలామందికి అది కొద్దిగా పెరిగి, దానంతటదే దిగుతుంది. అందుకే 70 చూసి మీ డాక్టరు కంగారు పడలేదు. వాంతులు, కుడి డొక్క కింద నొప్పి, కామెర్లు లాంటి లక్షణాలుండి మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేకుండా అయిదు రెట్లు దాటినా మందులు ఆపుతారు. కాలేయం కుదుటపడ్డాక ఒక్కొక్క మందే మళ్ళీ మొదలుపెట్టి, ఏది పడటం లేదో పట్టుకుంటారు. ఈ పని ఆసుపత్రిలో జరగాల్సిందే. ఇంట్లో ఈ పూట రెండు, రేపు మూడు అని వేసుకుంటే కాలేయం సంగతి అలా ఉంచి, టీబీ క్రిములు మందుకి లొంగకుండా మొండికెక్కుతాయి. కళ్ళు పచ్చబడినా, డోకులు ఆగకపోయినా ఆ పూట మాత్రలు వేయకుండా, వాటిని సంచీలో పెట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పంటు దాటాలి, రేపు పొద్దున్న చూద్దాం అనుకోవద్దు.

ఇక కంది ఆకు. మీ అబ్బాయి చూపించింది అబద్ధం కాదు. జగదీశ్ చంద్ర బోస్ 1917లో కలకత్తాలో స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, అక్కడి శాస్త్రవేత్తలు కంది ఆకు నుంచి 43 కిలోడాల్టన్ల (అణువుల బరువుకి వాడే కొలత) బరువున్న ఒక ప్రొటీన్‌ను విడదీశారు. చిట్టెలుకలకి ఆ ప్రొటీన్ ఇచ్చి, పారాసిటమాల్ లాంటి మందులు, క్లోరోఫాం లాంటి విషాలు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. ప్రొటీన్ అందిన ఎలుకల కాలేయం, అందనివాటి కంటే బాగా తక్కువ దెబ్బతింది.

అది ఎలా పనిచేసిందో కూడా తెలుసుకోదగ్గదే. పారాసిటమాల్ కాలేయంలో అరిగేటప్పుడు అందులో కొంత భాగం విషంగా మారుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు పట్టి బయటికి పంపడానికి కాలేయ కణాల్లో గ్లూటాథయోన్ అనే పదార్థం నిలవ ఉంటుంది. మాత్రలు మరీ ఎక్కువైతే ఆ నిలవ ఖాళీ అయిపోతుంది. అప్పుడా విషం కణంలోకి దిగి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను చంపుతుంది. కంది ప్రొటీన్ ఇచ్చిన ఎలుకల్లో గ్లూటాథయోన్ అంతగా పడిపోలేదు, రక్తంలో కాలేయ ఎంజైములు అంతగా పెరగలేదు. మంచి పరిశోధన. ఒక్క ప్రయోగంతో సరిపెట్టుకోకుండా రకరకాల విషాల మీద పరీక్షిస్తూ వెళ్ళారు.

అయితే ఫోన్లో వచ్చే ముక్కల్లో సాధారణంగా కనిపించని వాక్యం ఒకటుంది: ఆ ప్రొటీన్‌ను ఎలుకల పొట్టలోకి సూదితో ఎక్కించారు, నోట్లో పోయలేదు. మన కడుపులో పడ్డ ప్రొటీన్ ఏదైనా ముక్కలు ముక్కలుగా అరిగిపోతుంది. అలా అరిగితేనే ఒంటికి పడుతుంది. ఇన్సులిన్ కూడా ప్రొటీనే. అది మాత్రగా మింగితే అరిగిపోతుంది కనుకే షుగర్ ఉన్నవాళ్ళు సూది పొడుచుకుంటున్నారు. ఆ ఒక్క ప్రొటీన్‌ను ఆకులోని మిగతా సరుకు అంతటి నుంచీ వేరుచేసి శుద్ధి చేయడానికి వాళ్ళకి ప్రయోగశాల కావలసి వచ్చింది. మీ రోట్లో దంచితే వచ్చేది ఆకు మొత్తం. పైగా అది పారాసిటమాల్ లెక్క. టీబీ మాత్రలు కాలేయాన్ని దెబ్బతీసే తోవ వేరు. ఐసోనియాజిడ్ అరిగేటప్పుడు పుట్టే విషాలు వేరు. దాన్ని తొందరగా అరిగించుకునేవాళ్ళూ, నెమ్మదిగా అరిగించుకునేవాళ్ళూ పుట్టుకతోనే ఉంటారు. ఎలుకలో ఒక విషానికి పనిచేసింది, మనిషిలో ఇంకో మందుకి పనిచేస్తుందని రాసిపెట్టి లేదు. రోగులకి ఇంత మోతాదు అని తేల్చి మందుల షాపులో అమ్మే స్థితికి ఆ ప్రొటీన్ రాలేదు.

కంది పొలం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పూత మీదున్న కందికి మారుకా పురుగు కోసం మందు కొట్టని రైతు ఉన్నాడా? ఆ ఆకు పచ్చిగా దంచి గ్లాసుడు పోయడమంటే, ఆ పురుగుమందు కూడా పోయడమే.

మీ మరిది తెచ్చిన నేల ఉసిరికి కంది ఆకు కంటే పెద్ద పేరుంది. అదే బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో నేల ఉసిరి నుంచి కూడా ప్రొటీన్ భాగాన్ని వేరుచేసి ఎలుకల మీద మంచి ఫలితాలే చూపించారు. అంతకుముందు 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్ బి క్రిమి ఒంట్లో మిగిలిపోయినవాళ్ళకి నేల ఉసిరి పొడి ఇచ్చి, 37 మందిలో 22 మంది రక్తంలో ఆ క్రిమి గుర్తు మాయమైందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అప్పట్లో మా డాక్టర్లలో కూడా గొప్ప సంచలనం. ఆ తర్వాత థాయ్‌లాండ్ లాంటి చోట్ల పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. ఒక చోట ఒకసారి వచ్చిన ఫలితాన్ని నేను అప్పటి నుంచీ కాస్త దూరం నుంచే చూస్తున్నాను.

అయినా గట్టు మీద పీకినదంతా ఒకే మొక్క అని ఎవరు చెప్పారు? ఒకసారి ఆత్రేయపురం వైపు నుంచి కామెర్లతో ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. కూల్‌డ్రింకు సీసాలో ఆకుపచ్చ పసరు, అడుగున మడ్డి, పైన నురగ. మూత తీస్తే పులిసిన వాసన. ముక్కులో రెండు చుక్కలు, గొంతులో ఓ చిన్న గ్లాసు, పది రోజులుగా అదే వైద్యం. ఆకు తెచ్చి చూపించమన్నాను. బల్ల మీద పరిస్తే ఆ గుప్పెడులో మూడు రకాలున్నాయి. రెండు నేల ఉసిరి జాతివే, ఆకు కింద వరసగా కాయలు. మూడోది ఏమిటో తెచ్చినవాళ్ళకీ తెలియదు, నాకూ తెలియలేదు. ఆయనకున్నది నిజానికి పిత్తనాళంలో రాయి. పది రోజులు పసరుతో గడిచేసరికి చీము పట్టింది. బతికాడు గానీ బాగా లాగింది.

అసలు భయం ఇంకోటి ఉంది. మన దేశంలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న 1,288 మంది వివరాలు క్రోడీకరించి 2021లో ప్రచురించారు. అందులో సుమారు 46 శాతం కేసులు టీబీ మందులవి. సుమారు 14 శాతం ఆయుర్వేద, మూలికా మందుల వంటివి. అంటే మీరు భయపడుతున్న మాత్రలు నిజంగానే ఆ పట్టికలో మొదట ఉన్నాయి, కాపాడతాయని మీరనుకుంటున్నవి కూడా అదే పట్టికలో ఉన్నాయి. కరోనా రోజుల్లో ఇంటింటా కాచుకు తాగిన తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న 43 మంది గురించి దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 2022లో రాశారు. రేపు మీ ఆయన ఎస్‌జీపీటీ 300 అయిందనుకోండి, అది మాత్రల పనా, పసరు పనా ఎలా తేల్చాలి? తేలకపోతే ప్రాణం నిలిపే మందుని అనవసరంగా ఆపాల్సి వస్తుంది. మీ అత్తగారితో నా మాటగా చెప్పండి: పసరు తప్పని నేను అనడం లేదు, ఈ ఆరు నెలలూ వద్దంటున్నాను. ఆవిడ మీద గౌరవం తగ్గకుండా మాట చెల్లుబాటు చేసుకోవడానికి ఇదొక్కటే దారి. నా సొంత అత్తగారి దగ్గర కూడా ఇలాగే నెగ్గుకొచ్చాను.

పప్పు మాటకొస్తే, అందులో మీది పూర్తిగా సరైన ఆలోచన. కందిపప్పులోని ప్రొటీన్, ఆకులోని ఆ 43 కిలోడాల్టన్ల ప్రొటీన్ ఒకటి కాదు. అది కాలేయానికి కవచమేమీ కట్టదు. కానీ చిక్కిన టీబీ మనిషి బరువు పెరగడం మందంత ముఖ్యం. జార్ఖండ్‌లో టీబీ రోగులకి బియ్యం, పప్పు, పాలపొడి, నూనె నెలనెలా ఇచ్చి చూసిన పరిశోధన 2023లో వచ్చింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్ళలో చావు ముప్పు 61 శాతం తక్కువ కనిపించింది. వాళ్ళ ఇళ్ళల్లో మిగతావాళ్ళకి కూడా ఆహారం ఇస్తే కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పైగా తిండి లేక చిక్కినవాళ్ళకే మందుల దెబ్బ కాలేయానికి ఎక్కువ తగులుతుందని ఇందాకే చెప్పాను. కాబట్టి రోజూ ముద్దపప్పు, రెండు గుడ్లు, దొరికిన రోజు చేపల పులుసు, పడుకోబోయే ముందు పాలు పెట్టండి. కామెర్ల భయంతో నూనె, ఉప్పు మానేసి చప్పిడి పథ్యం పెట్టొద్దు. ఒకేసారి సయించకపోతే కొంచెం కొంచెంగా అయిదారు సార్లు పెట్టండి. టీబీ రోగుల తిండి కోసం నిక్షయ్ పోషణ్ కింద ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి 1,000 రూపాయలయింది. ఆయన బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో మీ ఆశా కార్యకర్తని అడగండి. మీ ఇంట్లో అత్తగారికీ, అబ్బాయికీ టీబీ పరీక్ష చేయించారా? ఉత్తరంలో ఆ మాట కనిపించలేదు. కీళ్ళ నొప్పులు మొదలైతే అది పైరాజినమైడ్ వల్ల కావచ్చు, మీ అంతట మీరు నొప్పి మాత్ర కొనకుండా చెప్పి రాయించుకోండి. ఎందుకో కింది ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: మాది వీరవాసరం దగ్గర. మా నాన్నగారికి 67 ఏళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటారు. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిచ్చిన నిమెసులైడ్ మాత్రలు చాలాకాలంగా రోజుకి రెండు వేసుకుంటున్నారు. లివర్‌కి ఏమీ కాకుండా నేల ఉసిరి క్యాప్సూల్స్ కూడా వేసుకుంటున్నారు. నిమెసులైడ్ దెబ్బని నేల ఉసిరి ఆపుతుందని పరిశోధన ఉందట కదా, ఇలా కలిపి వాడితే ఫర్వాలేదా? – ఒక పాఠకుడు

జవాబు: పరిశోధన ఉంది. నేను పైన చెప్పిన బోస్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు సరిగ్గా నిమెసులైడ్ మీదే చేశారు, అదీ ఎలుకల మీద. దాన్ని అడ్డం పెట్టుకుని మీ నాన్నగారు ఆ మాత్ర కొనసాగిస్తున్నారంటే, ఆ పరిశోధన మేలు కంటే కీడే చేసినట్టు.

నిమెసులైడ్ వల్ల కాలేయం పాడవుతోందనే కారణంతో ఫిన్లాండ్, స్పెయిన్ 2002లో, ఐర్లండ్ 2007లో అమ్మకం ఆపేశాయి. అమెరికాలో అది అసలు అమ్మకానికే రాలేదు. మన దగ్గర 2011 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకి నిషేధం. ఇతర దేశాల్లో వాడుక ఉన్నచోట కూడా పదిహేను రోజులకి మించి వాడొద్దంటారు. మీ నాన్నగారు రోజూ మింగుతున్నారు. ఆపించండి, ఈ వారమే. ఆపాక కాలేయం, కిడ్నీ రెండింటి పరీక్షలూ చేయించండి. ఈ జాతి నొప్పి మాత్రలు ముసలివాళ్ళలో కిడ్నీని ముందు తింటాయి, దాని గురించి మాత్రం ఎవరూ భయపడరు! నొప్పికి మోతాదు మించకుండా పారాసిటమాల్, పైపూతగా డైక్లోఫెనాక్ జెల్, కుర్చీలో కూర్చుని కాలు చాచి పట్టుకునే తొడ కండరాల వ్యాయామం. రాత్రంతా చెరువు గట్ల మీద తిరిగే పని కనుక చేతికర్ర ఒకటి కొనివ్వండి, ఆయన వద్దంటారు, అయినా కొనివ్వండి. ఆర్‌ఎంపీ గారితో గొడవ పడొద్దు. రాత్రి రెండింటికి తలుపు తట్టినా పలికేది ఆయనే. మాత్ర మార్చమని నెమ్మదిగా చెప్పండి చాలు.

ప్రశ్న: మా అమ్మకి 42 కిలోల బరువుంటుంది. జ్వరానికి 650 మాత్ర రోజుకి నాలుగు, జలుబు మాత్ర రోజుకి మూడు వేసుకుంది. పారాసిటమాల్ అంత మంచి మందు ఇంకోటి లేదంటారు కదా, లివర్‌కి ప్రమాదమా? – డిగ్రీ విద్యార్థిని, రాజోలు

జవాబు: ప్రమాదమే తల్లీ, లెక్క చూడు. 650 చొప్పున నాలుగు మాత్రలంటే 2,600 మిల్లీగ్రాములు. జలుబు మాత్రల్లో చాలావాటిలో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది, మూడు వేసుకుంటే 1,500. మొత్తం 4,100. పూర్తి బరువున్న ఆరోగ్యవంతుడికే రోజుకి 4,000 గరిష్ఠం. మీ అమ్మ బరువుకి ఒక్కసారికి 500 మాత్ర చాలు, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తం మీద రెండున్నర గ్రాములు దాటకుండా. రోజూ తాగేవాళ్ళకి కూడా రెండు గ్రాములకి మించి ఇవ్వం.

పారాసిటమాల్ మంచి మందే, నేనూ వేసుకుంటాను. మోతాదు మించినప్పుడే దాని సంగతి వేరు. మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ ఉండదు, మనిషి లేచి తిరుగుతుంటాడు. రెండో రోజుకో మూడో రోజుకో కాలేయం చతికిలబడుతుంది. అందుకే ఎవరైనా ఎక్కువ మింగారని తెలిస్తే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. అది ఎనిమిది గంటల లోపు పడితే కాలేయాన్ని దాదాపుగా కాపాడేయవచ్చు. ఆ తర్వాత కూడా ఇస్తారు, ఫలితం తగ్గుతుంది. గ్లూటాథయోన్ అయిపోవడం గురించి పైన రాశాను కదా, ఈ మందు ఆ నిలవని మళ్ళీ నింపుతుంది. ఇది సిస్టీన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారైంది. మనుషుల్లో ఏళ్ళ తరబడి రుజువై, పెద్దాసుపత్రుల అత్యవసర విభాగాల్లో సిద్ధంగా ఉండే విరుగుడు ఇదే.

మీ అమ్మకి ఇలా ఎన్ని రోజులు సాగిందో రాయలేదు. ఒక్క రోజుకి మించి సాగి ఉంటే రేపే ఎస్‌జీపీటీ చేయించు. కడుపులో వికారం, నీరసం ఉంటే రేపటిదాకా కూడా ఆగొద్దు. జలుబు మాత్ర రేకు మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదువు. జ్వరం మూడు రోజులు దాటినా మాత్ర మార్చుకుంటూ కూర్చోకుండా డెంగీ, టైఫాయిడ్, మలేరియా పరీక్షలు చేయించు.